మిల్లుల సర్వర్ బోర్డుకు ఐపీఎంఐ (సర్వర్‌ను దూరంకెళ్లి నడుపుకునే పద్ధతి) పెడుతున్న, ఊళ్లె లేకున్నా చూసుకునేటట్టు ఎట్ల చెయ్యాలె?

మిల్లు_సర్వర్ (మిర్యాలగూడ)

అందరికి నమస్తే. మా మేనమామోళ్లది మిర్యాలగూడల రైసుమిల్లు, కాంటా ఎంట్రీలు, లారీల గేటు పాసులు, లెక్కలు అన్ని ఒక్క సర్వర్ మీదనే నడుస్తయి. దాన్ని చూసుకునేది నేను, కాని నేనుండేది ఉప్పల్ల, పోవాలంటే మూడు గంటల దారి. ఈ మధ్య రాత్రి పూట ఉన్నట్టుండి బిగుసుకపోతుంది, పింగుకు జవాబు రాదు, స్క్రీన్ నల్లగ ఉంటది, పొద్దుగాల గుమస్తాకు ఫోన్ చేసి బటన్ ఒత్తి పట్టుకొమ్మని చెప్పాలె, అప్పటికే గేటు కాడ లారీలు లైన్ కట్టి ఉంటయి. యాసంగి వడ్లు మొదలైతె ఇట్ల నడవది.

బోర్డు సూపర్‌మైక్రో ఎక్స్10ఎస్‌ఎల్‌ఎల్-ఎఫ్, జియాన్ ఈ3-1231 వీ3, 16 జీబీ ఈసీసీ ర్యామ్. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల మార్కెట్‌ల సెకండ్ హ్యాండ్ తీసుకున్నది. ఉబుంటు సర్వర్ ఉంది. వెనక మూడు ల్యాన్ పోర్టులున్నయి, రెండు పక్కపక్కన, ఒకటి యూఎస్‌బీల పైన విడిగా. ఆ విడిగ ఉన్నది ఐపీఎంఐ పోర్టు అని చదివిన. దానికి కేబుల్ పెట్టిన, లైట్ వెలుగుతలేదు, పేజీ ఓపెన్ అయితలేదు. ఈ ఆదివారం మిల్లుకు పోతున్న, ఒక్కసారి పోయినంక మొత్తం సెట్ చేసి రావాలె అనుకుంటున్న. రిమోట్ల ఆన్ ఆఫ్, స్క్రీన్ చూసుడు, వేడి ఎంత, ఫ్యాన్లు తిరుగుతున్నయా లేదా, ఇవన్ని కావాలె. ఎక్కడికెళ్లి మొదలుపెట్టాలె? రౌటర్ల పోర్టు ఓపెన్ చేస్తె సరిపోతదా?

---

పాలమూరు_ల్యాబ్ (మహబూబ్‌నగర్)

తమ్మీ, పోర్టు ఓపెన్ చేసుడు మాత్రం వద్దు, ఆ ముచ్చట తర్వాత చెప్త, ముందుగాల నీ బోర్డుల ఏముందో సమజ్ చేసుకో.

నీ బోర్డు పేరు చివర ఉన్న ఎఫ్ అంటెనే దాని మీద బీఎంసీ ఉన్నట్టు. అది ఒక చిన్న కంప్యూటర్, నీ తరం బోర్డుల మీద ఆస్పీడ్ ఏఎస్‌టీ2400 అనే చిప్పు ఉంటది, దానికి దాని ప్రాసెసర్, దాని మెమరీ, దాని లైనక్స్, దాని ఐపీ అడ్రస్ అన్ని వేరే. నీ ఉబుంటు చచ్చినా అది బతికే ఉంటది, ఎందుకంటె పవర్ సప్లైకి కరెంటు అందుతున్నంత సేపు వచ్చే 5 వోల్టుల స్టాండ్‌బై మీద అది నడుస్తది, సర్వర్ ఆఫ్ చేసి ఉన్నా సరే. వీజీఏ బొమ్మ గూడ ఆ చిప్పే గీస్తది, అందుకే నువ్వు ఇంట్ల కూసొని బయోస్ స్క్రీన్ దాక చూడొచ్చు. దీనికి ఉన్న పద్ధతి పేరే ఐపీఎంఐ, ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్‌ఈసీ కలిసి 1998ల తెచ్చిన్రు, ఇప్పుడు మనం వాడే 2.0 వచ్చింది 2004ల. అంత పాతది గనుకనే దాంట్ల సెక్యూరిటీ బొక్కలు గూడ అంతే పాతయి.

మిల్లుకు పోయినంక మొదలు బయోస్‌ల ఐపీఎంఐ ట్యాబ్‌కు పో, బీఎంసీ నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ అని ఉంటది, లోపల అప్‌డేట్ అన్నదాన్ని ఎస్ చేస్తెనే కింద మార్చనిస్తది. డీహెచ్‌సీపీ (రౌటరే ఐపీ పంచుడు) తీసేసి స్టాటిక్ ఐపీ, అంటె మారనిది, ఇయ్యి, రౌటర్ పంచే రేంజికి బయట ఉన్న నంబరు ఇయ్యాలె. బయోస్‌కు పోవుడు కష్టమైతె ఉబుంటుల ఐపీఎంఐటూల్ ప్యాకేజీ ఏసుకో, 'ఐపీఎంఐటూల్ ల్యాన్ ప్రింట్ 1' కొడితె ఇప్పుడున్న ఐపీ, మ్యాక్ అడ్రస్ అన్ని చూపెడతది. అదే టూల్‌తోని ల్యాన్ సెట్ కింద ఐపీ సోర్స్, ఐపీ అడ్రస్, నెట్‌మాస్క్, గేట్‌వే మార్చుకోవచ్చు, రీబూట్ అక్కర్లేదు.

---

మిల్లు_సర్వర్ (మిర్యాలగూడ)

థ్యాంక్స్ అన్నా. సర్వర్‌కు ఎస్‌ఎస్‌హెచ్ (దూరంకెళ్లి కమాండ్లు కొట్టే దారి) ఉంది గదా అని ఇక్కడికెళ్లే కొట్టి చూసిన. ముందు డివైస్ దొరకలేదని ఎర్రర్ ఇచ్చింది, ఐపీఎంఐ_డెవ్‌ఇంట్‌ఎఫ్, ఐపీఎంఐ_ఎస్‌ఐ రెండు మాడ్యూళ్లు లోడ్ చేసినంక పనిచేసింది. ల్యాన్ ప్రింట్‌ల ఐపీ సోర్స్ డీహెచ్‌సీపీ, ఐపీ 192.168.1.37 అని వచ్చింది. మరి విడి పోర్టుల లైటే లేదు గదా, ఐపీ ఎట్ల తీసుకుంది? సర్వర్ నుంచి ఆ ఐపీకి పింగు కొడితె పోతలేదు, మిల్లుల వేరే పీసీకెళ్లి కొడితె పోతుంది. ఇదేం లెక్క?

---

జూరాల_గేట్ (గద్వాల)

అది ఫెయిలోవర్ మోడ్. సూపర్‌మైక్రో బోర్డులకు ల్యాన్ మోడ్ మూడు రకాలు: డెడికేటెడ్ (విడి పోర్టు ఒక్కటే), షేర్డ్ (సర్వర్ ల్యాన్ పోర్టునే పంచుకునుడు), ఫెయిలోవర్. కొత్తగా వచ్చినప్పుడు ఫెయిలోవర్‌లనే ఉంటది. బీఎంసీ లేచే టైముకు విడి పోర్టుల లింక్ కనపడకపోతె అది ల్యాన్1 పోర్టు మీదకు దూకి, సర్వర్ కేబుల్‌నే తనూ వాడుకుంటది. నీ విడి పోర్టుకు లైట్ రాలేదంటె కేబులో, స్విచ్చుల ఆ పోర్టో పోయి ఉండాలె, కాబట్టి బీఎంసీ ల్యాన్1 మీద కూసుంది. షేర్డ్ పోర్టు మీద ఉన్నప్పుడు ఆ సర్వరే తన బీఎంసీతోని నెట్‌వర్క్ మీద మాట్లాడలేకపోవుడు మామూలే, ప్యాకెట్ స్విచ్చు దాక పోయి అదే పోర్టుల మళ్ల వెనక్కి రాదు.

దీన్ని తేలికగ తీసుకోవద్దు. మన దగ్గర కరెంటు పోయి వచ్చినప్పుడు ఏమైతదో చూడుర్రి, కరెంటు రాంగనే బీఎంసీ లేస్తది, స్విచ్చు ఇంక లేవకముందే లింక్ కోసం చూస్తది, కనపడదు, ల్యాన్1కు దూకుతది. ల్యాన్1 నేరుగ ఇంటర్నెట్‌కు పెట్టి ఉన్నోళ్లకైతె బీఎంసీ అందరికి కనపడేటట్టు బయట కూసుంటది, వాళ్లకేమో విడి పోర్టు లోపలి నెట్‌వర్క్‌ల భద్రంగ ఉందన్న ధైర్యం ఉంటది. వెబ్ పేజీల కాన్ఫిగరేషన్ కింద నెట్‌వర్క్‌ల ల్యాన్ ఇంటర్‌ఫేస్ అని ఉంటది, దాన్ని డెడికేటెడ్ చేసి సేవ్ చెయ్యి. కాని ముందు కేబుల్ మార్చి ఆ విడి పోర్టుల లైట్ వచ్చిందని కళ్లతోని చూసినంకనే చెయ్యి, లేకపోతె దూరంకెళ్లి ఉన్న దారి గూడ పోతది.

---

మిల్లు_సర్వర్ (మిర్యాలగూడ)

ఇప్పుడు అర్థమైంది అక్కా. అయితె ఈ పని ఆదివారం అక్కడ ఉన్నప్పుడే చేస్త. మిల్లు పీసీల ఎనీడెస్క్ పెట్టి ఆ పేజీ తెరిచిన, లాగిన్ అడుగుతుంది. అడ్మిన్, అడ్మిన్ అని పెద్దక్షరాలల్ల కొట్టిన, తీసుకుంటలేదు.

---

పాలమూరు_ల్యాబ్ (మహబూబ్‌నగర్)

సెకండ్ హ్యాండ్ బోర్డు గదా, మునుపటోడు మార్చి ఉంటడు. నీ తరం బోర్డుకు మొదటి పాస్‌వర్డ్ నువ్వు కొట్టిందే. కాలిఫోర్నియాల ఒకటే డీఫాల్ట్ పాస్‌వర్డ్ పెట్టి అమ్మొద్దని చట్టం 2020 జనవరి నుంచి అమలుకు వచ్చింది, అప్పటిసంది వచ్చే బోర్డులకు ఒక్కో దానికి ఒక్కో పాస్‌వర్డ్ స్టిక్కర్ మీద రాసి ఉంటది. డెల్ బీఎంసీ పేరు ఐడ్రాక్, పాత వాటికి రూట్, క్యాల్విన్ అని ఉండేది, హెచ్‌పీ బీఎంసీ ఐఎల్‌ఓకు లాగితె బయటకొచ్చే ట్యాగ్ మీద ఉంటది.

నీకు ఉబుంటుల రూట్ ఉంది గనుక భయం లేదు. 'ఐపీఎంఐటూల్ యూజర్ లిస్ట్ 1' కొట్టు, యూజర్లంత కనపడతరు. రెండో నంబరుది అడ్మిన్ ఉంటది, 'యూజర్ సెట్ పాస్‌వర్డ్ 2' అని కొట్టి కొత్తది ఇయ్యి, పాతది అడగది. ఇక్కడ ఒక ముచ్చట గుర్తు పెట్టుకో, సర్వర్ మీద రూట్ దొరికినోడు బీఎంసీని గూడ పట్టేస్తడు, పాస్‌వర్డ్ తెల్వకున్నా. అందుకే సెకండ్ హ్యాండ్ బోర్డు ఇంటికి తెస్తె ముందు ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యాలె, సూపర్‌మైక్రో వాళ్ల ఐపీఎంఐ సీఎఫ్‌జీ టూల్‌తోని అయితది, తర్వాత కంపెనీ సైటుకెళ్లి ఆ మోడల్ ఫర్మ్‌వేర్ (చిప్పు లోపలి సాఫ్ట్‌వేర్) దించి ఎక్కియ్యాలె. లిస్టుల నీకు తెల్వని పేరు ఇంకోటి ఉంటె తీసెయ్యి.

పాస్‌వర్డ్ పొడుగు గురించి, ఐపీఎంఐ 2.0ల 20 అక్షరాలే గరిష్ఠం. 16 దాటితె ఐపీఎంఐటూల్‌కు కమాండ్ చివర 20 అని విడిగ చెప్పాలె. పూర్తి 20 వాడు, చేతులతోని గుర్తుపెట్టుకునేది వద్దు, మిషినితోని పుట్టించు.

---

జడ్చర్ల_జంక్షన్

ఇంత హంగామా ఎందుకన్నా. నేను రెండు క్లయింట్ల దగ్గర రౌటర్ల పోర్టు మార్చి పెట్టిన, 443 కాకుండ బయట ఏదో పెద్ద నంబరు, పాస్‌వర్డ్ గట్టిది పెట్టిన, ఇప్పటిదాక ఏం కాలే. వీపీఎన్ గీపీఎన్ అంటె మిల్లోళ్లకు ఎవరు చూసుకుంటరు రోజు?

---

జూరాల_గేట్ (గద్వాల)

ఏం కాలే అన్నది ఏం కనపడలే అన్నట్టే అన్నా, ఎందుకంటె బీఎంసీ లోపల ఎవరన్న దూరి కూసుంటె మన యాంటీవైరస్‌కు కనపడది, డిస్క్ ఫార్మాట్ చేసినా పోదు. హెచ్‌పీ ఐఎల్‌ఓ ఫర్మ్‌వేర్‌లనే దాక్కునే రూట్‌కిట్ ఒకటి 2021 డిసెంబర్‌ల బయటపడ్డది.

గట్టి పాస్‌వర్డ్ అన్నరు, ఐపీఎంఐ 2.0ల లాగిన్ ఎట్ల జరుగుతదో చూడుర్రి. నేను ఫలానా యూజర్ అని బయటోడు 623 యూడీపీ పోర్టుకు అడిగితె, వాడు పాస్‌వర్డ్ చెప్పకముందే బీఎంసీ ఆ పాస్‌వర్డ్‌తోని చేసిన హ్యాష్, అంటె దాన్ని కలిపి తిప్పిన గుర్తు, వాడికి పంపుతది. ఇది ఒక కంపెనీ ఫర్మ్‌వేర్‌ల తప్పు కాదు, ఆ ప్రొటోకాల్ రాసిన తీరే అది. వాడు దాన్ని ఇంటికి తీస్కపోయి హ్యాష్‌క్యాట్ అనే పాస్‌వర్డ్ పగలగొట్టే సాఫ్ట్‌వేర్‌ల పెట్టి తీరుబడిగ పగలగొట్టుకుంటడు, ఎన్నిసార్లు తప్పు కొట్టినా మీ లాగుల ఒక్క లైన్ రాదు. 8 అక్షరాలదైతె నిలువదు. దీని మీద 2013లనే డాన్ ఫార్మర్ అనే సెక్యూరిటీ పరిశోధకుడు విడమరచి రాసిండు. అదే ఏడు సైఫర్ జీరో అనే ఇంకోటి బయటపడ్డది, కొన్ని బోర్డులల్ల యూజర్ పేరు తెలిస్తె చాలు, ఏ పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి రానిచ్చేది. 2018 చివరల జంగిల్‌సెక్ అనే రాన్సమ్‌వేర్ బయటకు తెరిచి పెట్టిన ఐపీఎంఐల గుండానే సర్వర్లల్లకు వచ్చి ఫైళ్లన్ని లాక్ చేసింది. పాత ముచ్చట్లు అనుకోవద్దు, ఏఎంఐ మెగారాక్ అనే బీఎంసీ ఫర్మ్‌వేర్‌ల లాగినే లేకుండ లోపలికి పోయే బొక్క ఒకటి దొరికింది, తీవ్రత 10కి 10, 2025 జూన్‌ల అమెరికా సైబర్ భద్రత చూసే సీసా సంస్థ దాన్ని నిజంగ దాడులకు వాడుతున్న వాటి జాబితాల పెట్టింది. మిల్లు బోర్డుది ఆ ఫర్మ్‌వేర్ కాదు, కాని పదేండ్ల కింది ఫర్మ్‌వేర్‌కు ప్యాచ్ ఎవరిస్తరు?

మీరు వెబ్ పేజీ పోర్టు ఒక్కటే తెరిచి ఉంటె 623 బయటకు కనపడకపోవచ్చు, నిజమే. కాని ఆ వెబ్ పేజీ నడిపే సాఫ్ట్‌వేర్ గూడ అంతే పాతది. పోర్టు నంబరు మారుస్తె దాపరికం అయితది అనుకుంటున్నరు గాని ఇంటర్నెట్ మొత్తాన్ని అన్ని పోర్టుల మీద తిప్పి చూసేటోళ్లు రోజు ఉన్నరు. దయచేసి ఆ రెండు చోట్ల మూసెయ్యిర్రి. రేపు అక్కడ డేటా పోతె ఆ ఓనరు అడిగేది మిమ్మల్నే.

---

జడ్చర్ల_జంక్షన్

హ్యాష్ ముందే పంపుతదన్న సంగతి నాకు తెల్వదక్కా. సరే, ఇయ్యాల రాత్రికి రెండు మూసేస్త. మరి వీపీఎన్ ఎట్ల, వాళ్ల నెట్‌కు పబ్లిక్ ఐపీ గూడ లేదు ఒక చోట, సీజీనాట్ (నెట్ కంపెనీ ఒకటే పబ్లిక్ ఐపీని శానామందికి పంచుడు) వెనక ఉంది.

---

మిల్లు_సర్వర్ (మిర్యాలగూడ)

మాది గూడ సీజీనాటే. రౌటర్ల చూపే ఐపీ 100.తోని మొదలైతది, బయట చూస్తె వేరే ఐపీ చూపిస్తుంది.

---

పాలమూరు_ల్యాబ్ (మహబూబ్‌నగర్)

అయితె బయటకెళ్లి లోపలికి రాలేవు, లోపలికెళ్లే బయటకు తాడు ఏసి పట్టుకోవాలె. మా కాలేజీల నేను చేసింది చెప్త. ఒక రాస్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్ పెట్టిన, దాని మీద వైర్‌గార్డ్ అనే వీపీఎన్. నెలకు కొంచెం కిరాయి కట్టి ఒక చిన్న వీపీఎస్ (ఇంటర్నెట్ మీద కిరాయి సర్వర్) తీసుకున్న, దానికి పబ్లిక్ ఐపీ ఉంటది. పై ఎప్పుడు ఆ వీపీఎస్‌కు టన్నెల్ కట్టి ఉంచుతది, పర్సిస్టెంట్ కీప్అలైవ్ 25 సెకండ్లు పెట్టాలె, లేకపోతె నాట్ టేబుల్‌ల ఎంట్రీ పోయి టన్నెల్ ఉన్నట్టే ఉంటది కాని నువ్వు పిలిస్తె పలుకది. నా ల్యాప్‌టాప్ గూడ అదే వీపీఎస్‌కు కడతది, అట్ల ఇద్దరం కలుస్తం. వీపీఎస్ తలనొప్పి వద్దనుకుంటె టెయిల్‌స్కేల్ అనే రెడీమేడ్ వీపీఎన్ ఉంది, సీజీనాట్ వెనక ఉన్నా పనిచేస్తది, పైని సబ్‌నెట్ రౌటర్‌గ, అంటె మిల్లు నెట్‌వర్క్ మొత్తానికి దారిగ, పెట్టుకుంటె బీఎంసీ ఐపీ నేరుగ తెరుచుకుంటది. మిల్లుకు అదే సులువు అంట నేను.

వీపీఎన్ మాత్రం ఆ సర్వర్ మీదనే పెట్టుకోకు తమ్మీ. సర్వర్ బిగుసుకుంటె వీపీఎన్ గూడ దాంతోనే పోతది, అప్పుడు బీఎంసీ బతికున్నా నువ్వు దాని దగ్గరికి పోలేవు. వేరే డబ్బాల ఉండాలె. ఆ డబ్బా, రౌటర్, ఫైబర్ పెట్టె, స్విచ్చు ఈ నాలుగు ఒక చిన్న యూపీఎస్ మీద విడిగ ఉండాలె, సర్వర్ యూపీఎస్ మీద కాదు.

బీఎంసీకి గేట్‌వే ఇయ్యకుంటె ఇంకా మంచిది, అది సొంతంగ ఇంటర్నెట్‌కు పోలేదు. అప్పుడు పై మీద మాస్కరేడ్ (అడిగింది పైయే అన్నట్టు చూపెట్టుడు) పెట్టాలె, లేకపోతె బీఎంసీకి జవాబు ఎటు పంపాలో తెల్వది. టెయిల్‌స్కేల్ సబ్‌నెట్ రౌటర్ మామూలుగనైతె ఆ మాస్కరేడ్ తనే చేస్తది.

---

గడియారం_సెంటర్ (నల్లగొండ)

దారి పడ్డది గదా, ఇప్పుడు కాపలా ముచ్చట. నల్లగొండ ఎండ సంగతి మీకు చెప్పేదేముంది, మేల 44 దాటుతది, మిల్లులనైతె దానికి తోడు ఊక దుమ్ము, తౌడు దుమ్ము. సర్వర్ ఫిల్టర్ నెల రోజుల్ల మూసుకపోతది. 'ఐపీఎంఐటూల్ సెన్సర్' కొట్టి చూడు, సీపీయూ టెంపరేచర్, సిస్టమ్ టెంపరేచర్, ర్యామ్ టెంపరేచర్లు, ఫ్యాన్ల ఆర్‌పీఎం, 12 వోల్టులు, 5 వోల్టులు, వీబ్యాట్ అంటె సీమాస్ బ్యాటరీ వోల్టేజి, అన్ని వరుసగ వస్తయి. ఒక్కోదానికి పక్కన హద్దులు ఉంటయి. చాలమంది సీపీయూ వేడే చూస్తరు, నన్నడిగితె సిస్టమ్ టెంపరేచర్ మీద కన్నెయ్యాలె, అది మెల్లమెల్లగ రోజుకింత పెరుగుతుందంటె గది ఏసీ అన్న ఆగింది, ఫిల్టర్ అన్న మూసుకపోయింది.

మెయిల్ అలర్టులు బీఎంసీలనే పెట్టుకోవచ్చు గాని పాత ఫర్మ్‌వేర్ ఇప్పటి మెయిల్ సర్వర్ల ఎన్‌క్రిప్షన్‌తోని సరిగ్గ కుదరది. నేనైతె ప్రోమీథియస్ అనే కాపలా సాఫ్ట్‌వేర్ పెట్టి, దాని ఐపీఎంఐ ఎక్స్‌పోర్టర్ పై మీద నడుపుతున్న, 9290 పోర్టు మీద ఉంటది, లోపల ఫ్రీఐపీఎంఐ వాడతది. అలర్ట్ మేనేజర్‌కెళ్లి టెలిగ్రామ్‌కు మెసేజి వస్తది. ఎక్స్‌పోర్టర్‌కు అడ్మిన్ పాస్‌వర్డ్ ఇయ్యకు, బీఎంసీల యూజర్ లెవెల్ అనే తక్కువ హక్కులది విడిగ చెయ్యి, అది చదువుతది అంతే, పవర్ ఆఫ్ చెయ్యలేదు.

అలర్ట్ ఒక్కసారి దాటంగనే కొట్టేటట్టు పెట్టకు. ఐదు నిమిషాలు వరుసగ హద్దు దాటి ఉంటెనే రావాలె, లేకపోతె రోజు అర్ధరాత్రి బ్యాకప్ నడిచినప్పుడల్ల ఫోన్ మోగుతది, వారం తిరగకముందే మ్యూట్ చేస్తవు, అసలుది వచ్చిననాడు చూడవు. ఇంకోటి, ఎక్స్‌పోర్టర్‌కే జవాబు రాకపోతె అది గూడ అలర్టే కావాలె, ఏ మెసేజి రాకుంటె అంత బాగున్నట్టు కాదు. ప్రోమీథియస్‌ను మిల్లుల కాకుండ బయట వీపీఎస్ మీద పెట్టమనేది అందుకే.

బీఎంసీకి సాటా డిస్కుల వేడి కనపడది, వాటి ఆరోగ్యం గూడ తెల్వది. దానికి ఉబుంటుల స్మార్ట్‌మాన్‌టూల్స్ విడిగ పెట్టాలె.

---

మిల్లు_సర్వర్ (మిర్యాలగూడ)

అందరికి చాలా థ్యాంక్స్. ఇయ్యాల పొద్దుగాల మిల్లుకు వచ్చిన, ఇక్కడికెళ్లే రాస్తున్న. కేబుల్ క్రింపు పోయింది, మార్చంగనే విడి పోర్టుల లైట్ వచ్చింది. డెడికేటెడ్ చేసిన, స్టాటిక్ ఐపీ ఇచ్చిన, 20 అక్షరాల పాస్‌వర్డ్ పెట్టిన. యూజర్ లిస్టుల నాకు తెల్వని పేరు ఒకటి నిజంగనే ఉంది, అడ్మినిస్ట్రేటర్ హక్కులతోని. రీసెట్ కొట్టి ఫర్మ్‌వేర్ కొత్తది ఎక్కిచ్చిన. పై మీద టెయిల్‌స్కేల్ పెట్టిన.

రెండు సమస్యలున్నయి. ఒకటి, సర్వర్ ఫ్యాన్లు ఉండుండి హోరు పెడతయి, కొన్ని సెకండ్లు ఫుల్ స్పీడు, మళ్ల తగ్గుతయి, మళ్ల హోరు. శబ్దం ఎక్కువుందని మా మామ మొన్న సైలెంట్ ఫ్యాన్లు ఏయించిండు. రెండోది, అసలు బిగుసుకపోవుడు ఎందుకో ఇంక తేలలేదు. ఎస్‌ఈఎల్ లాగ్ (బీఎంసీ రాసుకునే చిట్టా) ఖాళీ చెయ్యలేదు, అట్లనే ఉంది.

---

జూరాల_గేట్ (గద్వాల)

ఫ్యాన్ల సంగతి సులువు. సైలెంట్ ఫ్యాన్లు మెల్లగ తిరుగుతయి, బోర్డేమో దాని కనీస హద్దు కంటె ఆర్‌పీఎం కిందికి పోయింది, ఫ్యాన్ చచ్చిందని అనుకొని అన్నిటిని ఫుల్‌కు లేపుతది, లేపంగనే ఆర్‌పీఎం పెరిగి హద్దు మీదికి వస్తది, మళ్ల దించుతది. 'ఐపీఎంఐటూల్ సెన్సర్ థ్రెష్' అని ఫ్యాన్ పేరు, లోవర్ అని, మూడు అంకెలు, ఉదాహరణకు 100 200 300 ఇయ్యి. చిన్నది ముందు, పెద్దది చివర. బోర్డు వాటిని తనకు దగ్గరి అంకెకు సవరించుకుంటది, పర్వాలేదు. వెబ్‌ల ఫ్యాన్ మోడ్ ఫుల్‌ల ఉంటె ఆప్టిమల్ చేసుకో. కాని మిల్లుల, ఆ దుమ్ముల, సైలెంట్ ఫ్యాన్లు నాకు నచ్చలేదు, గాలి తక్కువ లాగుతయి. గుమస్తా పక్కన కూసుంటడు గనుక అంటె సరే, ఏప్రిల్ మే రెండు నెలలు మాత్రం పాతయి ఏయించు.

లాగ్ ఖాళీ చెయ్యకపోవుడు మంచిదైంది. 'ఐపీఎంఐటూల్ ఎస్‌ఈఎల్ ఈలిస్ట్' కొట్టి ఇక్కడ పెట్టు. ముందుగాల 'ఎస్‌ఈఎల్ టైమ్ గెట్' కొట్టి బీఎంసీ గడియారం ఎంత తేడాల ఉందో రాసుకో, అప్పుడే ఆ లాగుల టైమును నువ్వు బిగుసుకున్న రాత్రితోని కలిపి చూడొచ్చు. చూసినంక 'టైమ్ సెట్ నౌ' కొట్టు.

---

మిల్లు_సర్వర్ (మిర్యాలగూడ)

అక్కా, గడియారం ఐదున్నర గంటలు వెనక ఉంది, అంటె యూటీసీల ఉన్నట్టుంది. లాగుల కరెక్టబుల్ ఈసీసీ అని లైన్లకు లైన్లు ఉన్నయి, అన్ని ఒకటే స్లాటు, డిమ్ ఏ2. మధ్య మధ్య అన్‌కరెక్టబుల్ ఈసీసీ అని గూడ ఉంది, ఐదున్నర కలిపి చూస్తె సరిగ్గ మిషిని బిగుసుకున్న రాత్రులే అవి.

---

పాలమూరు_ల్యాబ్ (మహబూబ్‌నగర్)

దొరికింది పో. ఈసీసీ ర్యామ్ ఒక బిట్ తప్పైతె తనే దిద్దుకొని లాగుల రాస్తది, రెండు బిట్లు తప్పైతె దిద్దలేదు, మిషిని అక్కడనే నిలిపేస్తది, తప్పు లెక్క డిస్కుకు రాసుడు కంటె నిలిచిపోవుడే మేలని. ఉబుంటు లాగులల్ల ఎందుకు రాలేదంటె రాసే టైమే దానికి లేదు. ఆ ర్యామ్ తీసి బంగారం రంగు కాళ్లు మెల్లగ తుడిచి ఇంకో స్లాటుల పెట్టి చూడు, ఎర్రర్ ఆ ర్యామ్ వెంట పోతె ర్యామ్‌ది, డిమ్ ఏ2లనే ఉంటె స్లాటుదో సీపీయూ సాకెట్‌దో. తీసుకునేటప్పుడు డీడీఆర్3 ఈసీసీ అన్‌బఫర్డ్ అని అడుగు, రిజిస్టర్డ్‌ది ఇస్తె నీ బోర్డుల లేవది, సీటీసీల సర్వర్ ర్యామ్ అంటె ఎక్కువ రిజిస్టర్డే చేతుల పెడతరు.

మిల్లుకెళ్లి బయలుదేరకముందు ఇవి చేసి చూడు. మొబైల్ డేటా మీద, మిల్లు వైఫై కాదు, ల్యాప్‌టాప్‌కెళ్లి బీఎంసీల లాగిన్ కా. సర్వర్ ఆఫ్ చేసి ఫోన్ మీదికెళ్లి ఆన్ చెయ్యి. ఐకేవీఎంల, అంటె బీఎంసీ చూపే రిమోట్ స్క్రీన్‌ల, బయోస్ దాక పో, హెచ్‌టీఎంఎల్5 ఉన్నదే వాడు, జావాది వద్దు, జావా 11 నుంచి వెబ్‌స్టార్టే తీసేసిన్రు. సీరియల్ ఓవర్ ల్యాన్ గూడ పెట్టుకో, బయోస్‌ల కన్సోల్ రీడైరెక్షన్ ఎస్‌ఓఎల్‌కు ఆన్ చేసి, ఉబుంటు గ్రబ్‌ల కన్సోల్‌ను రెండో సీరియల్ పోర్టుకు 115200 స్పీడుతోని పెడితె, నెట్ ఎంత సన్నగ ఉన్నా ఒట్టి అక్షరాలే గనుక పనిచేస్తది, బస్సుల ఉన్నా పని అయితది. ఇగ అన్నిటికంటె పెద్దది, గోడకు ఉన్న మెయిన్ దించి, యూపీఎస్‌లు గూడ ఆపి, ఐదు నిమిషాలాగి మళ్ల ఎత్తు. ఎవరు ఏం ముట్టుకోకుండ రౌటర్, స్విచ్చు, పై, బీఎంసీ, సర్వర్ అన్ని వాటంతట అయ్యే లేవాలె, బీఎంసీ విడి పోర్టు మీదనే ఉండాలె.

---

గడియారం_సెంటర్ (నల్లగొండ)

దానికి బయోస్‌ల రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్ అన్నది పవర్ ఆన్ చెయ్యాలె. లాస్ట్ స్టేట్ పెడితె ఒక చిక్కుంది, యూపీఎస్ బ్యాటరీ తక్కువైతె సర్వర్ మంచిగ షట్‌డౌన్ అయితది, తర్వాత కరెంటు వస్తె చివర ఆఫ్‌ల ఉన్నది గదా అని ఆఫ్‌లనే ఉంటది. పవర్ ఆన్ పెట్టినా ఇంకో సందు ఉంది, సర్వర్ షట్‌డౌన్ అయినంక యూపీఎస్ పూర్తిగ ఆరకముందే కరెంటు వస్తె సర్వర్‌కు కరెంటు పోయినట్టే తెల్వది, అట్లనే పడుంటది. నట్ అనే యూపీఎస్‌ను చూసుకునే సాఫ్ట్‌వేర్ పెడితె షట్‌డౌన్ చివర యూపీఎస్‌కే ఔట్‌పుట్ కోసి మళ్ల ఇయ్యమని చెప్తది, అన్ని యూపీఎస్‌లు ఆ మాట వినయి. విననిది అయితె బీఎంసీ ఉండనే ఉంది, ఫోన్‌ల ఒక్క పవర్ ఆన్.

---

మిల్లు_సర్వర్ (మిర్యాలగూడ)

మెయిన్ దించి చూసిన. మొదటిసారి సర్వర్ లేచింది గాని పై లేవలేదు, దాని అడాప్టర్ సర్వర్ యూపీఎస్‌కు ఉండె, చిన్న యూపీఎస్‌కు మార్చిన. మళ్ల దించి ఎత్తితె అన్ని లేచినయి, బీఎంసీ డెడికేటెడ్‌లనే ఉంది. ర్యామ్ స్లాటు మార్చినంక ఎర్రర్లు ర్యామ్ వెంటనే పోయినయి, కాబట్టి ర్యామే. అది తీసేసి 8 జీబీతోని నడుపుతున్న, కాంటా సాఫ్ట్‌వేర్‌కు సరిపోతుంది, కొత్తది తెచ్చినంక ఏస్త. ఇప్పుడు బస్సుల నార్కట్‌పల్లి దాటిన, ఎస్‌ఓఎల్ మీద మిల్లు సర్వర్ లాగిన్ కనపడుతుంది.

---

నకిరేకల్_404

మొత్తం చదివిన, మస్తు పనికొచ్చింది. నా ప్రశ్న ఒకటి. మా ఊరి క్లినిక్‌ల పేషెంట్ల రికార్డు పీసీ మామూలు డెస్క్‌టాప్ బోర్డు, బీఎంసీ లేదు. దానికి ఇట్లాంటిది ఏమన్న కుదురుతదా, లేకపోతె సర్వర్ బోర్డే కొనాలెనా?

---

జూరాల_గేట్ (గద్వాల)

కొనక్కర్లేదు. పైకేవీఎం అని రాస్‌బెర్రీ పై మీద నడిచేది ఉంది, హెచ్‌డీఎంఐ ఔట్ దాంట్లకు పోతది, యూఎస్‌బీ మీద అది కీబోర్డు, మౌస్ అయితది, బోర్డు ఫ్రంట్ ప్యానెల్ పిన్నులకు వైర్లు పెడితె పవర్, రీసెట్ బటన్లు గూడ నొక్కుతది. సెన్సర్లు, ఎస్‌ఈఎల్ లాగ్ మాత్రం దాంతోని రావు, అవి బోర్డు మీద బీఎంసీ ఉంటెనే. వేడి, ఫ్యాన్లు ఉబుంటుల ఎల్ఎం సెన్సర్స్‌తోని చదువుకోవచ్చు, పీసీ బతికున్నంత సేపే. పేషెంట్ల రికార్డులు గనుక దీన్ని గూడ వీపీఎన్ వెనకనే పెట్టు, మొదటి పాస్‌వర్డ్ వెంటనే మార్చు. బోర్డు మోడల్ చెప్పి ఆ ఫ్రంట్ ప్యానెల్ పిన్నుల ఫోటో దగ్గరికెళ్లి తీసి పెట్టు, ఏ వైరు ఎక్కడో చూసి చెప్త.